నిలకడ, సమ్మతి, పాలు: శరీర సమతుల్యతను కొలిచే పరిశోధనలో ఒక నైతిక ప్రశ్న

ప్రవేశిక

వృద్ధుల కండరాల నిర్మాణాన్ని, లోపలి చెవి ఆధారంగా పనిచేసే సమతుల్యతా ప్రతిచర్యలను కలిపి పరిశీలించే ఒక వైద్య పరిశోధనకు సమ్మతి పత్రాన్ని తెలుగు చేసే పని కొంతకాలం క్రితం నాకు వచ్చింది. నాలుగు పుటల పత్రం. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్నవారికి అది కష్టమైన పని కాదనుకున్నాను. మొదటి పుటలోనే రెండు చోట్ల ఆగిపోయాను. పరీక్ష సమయంలో కలగబోయే ఇబ్బందిని చెప్పే మాట ఒకటి, పరీక్షకు వచ్చే మనిషిని ఏమని పిలవాలన్నది మరొకటి. మొదటిదానికి ‘కళ్ళు తిరగవచ్చు’ అనీ, రెండోదానికి ‘పాల్గొనేవారు’ అనీ రాశాను. ఆ రెండు మాటలూ సరైనవేనా అన్న సందేహం అనువాద సమస్యగా మొదలై నైతిక సమస్యగా మారింది. ఈ వ్యాసం ఆ మార్పును వివరించే ప్రయత్నం.

ప్రశ్న ఇది. ఒక మనిషి నిలకడను కొలవడానికి కొంతసేపైనా ఆ నిలకడను చెదరగొట్టవలసి వచ్చినప్పుడు, ఆ మనిషి ముందుగా ఇచ్చిన సమ్మతి ఒక్కటే ఆ పనిని న్యాయమైనదిగా చేస్తుందా? చేయకపోతే, కొలిచేవారు కొలతకు లోనైనవారికి ఇంకా ఏమి బాకీపడతారు? వైద్య నీతిశాస్త్రం ఈ ప్రశ్నను తన పరిభాషలో చర్చిస్తూనే ఉంది. తెలుగు మాటలు, తెలుగు వాక్యనిర్మాణం ఈ చర్చకు చేర్చగలిగింది ఏమైనా ఉందా అని పరిశీలించడం ఈ వ్యాసం పరిధి.

చెదరగొట్టి కొలవడం

లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన భాగం పక్కనే సమతుల్యతకు సంబంధించిన భాగం ఉంటుంది. మూడు అర్ధవృత్తాకార నాళికలు తల తిరుగుళ్ళను పసిగడతాయి. వాటి మొదట్లో ఉన్న రెండు చిన్న సంచులు, సూక్ష్మమైన సున్నపు స్ఫటికాల బరువు ఆధారంగా, తల ఎటు వాలిందో, శరీరం ఎటు కదులుతోందో గుర్తిస్తాయి. తల కుడివైపు తిరిగితే కళ్ళు అంతే వేగంతో ఎడమవైపు తిరుగుతాయి. అందువల్లనే నడుస్తూ కూడా అంగడి మీది పేరు చదవగలుగుతున్నాం. ఈ ప్రతిచర్యకు పట్టే కాలం 10 మిల్లీసెకన్ల లోపే. మనం ‘చూస్తున్నాను’ అనుకునేలోపు అది జరిగిపోతుంది.

ఇంత నిశ్శబ్దంగా పనిచేసే వ్యవస్థ ఉందని మనుషులకు తెలిసిందే అది చెడిపోయినప్పుడు. 1820లలో పారిస్‌లో ఫ్లూరెన్స్ పావురాల అర్ధవృత్తాకార నాళికలను కోసి చూశాడు. ఏ నాళికను కోస్తే ఆ నాళిక ఉన్న తలంలోనే పావురం తల ఊగిపోయింది. 1861లో మెనియేర్ కళ్ళు తిరిగే జబ్బుకు మూలం కొన్నిసార్లు మెదడులో కాక లోపలి చెవిలో ఉంటుందని చెప్పాడు. 1870లలో మాక్, బ్రాయర్, క్రమ్ బ్రౌన్ ముగ్గురూ ఎవరికివారుగా నాళికల్లోని ద్రవం కదలికే ఈ జ్ఞానానికి ఆధారమని ఊహించారు. ఆ తరవాత వియన్నాలో రాబర్ట్ బారానీ చెవిలోకి చల్లని నీళ్ళు, వెచ్చని నీళ్ళు పంపి కళ్ళ కదలికలను గమనించే పరీక్షను స్థిరపరిచాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. ఆయన పరీక్ష నేటికీ వాడుకలో ఉంది. శరీరపు వేడికి ఏడు డిగ్రీలు తక్కువగా 30, ఏడు డిగ్రీలు ఎక్కువగా 44 సెల్సియస్ డిగ్రీల నీటిని వాడే పద్ధతి 1942 నుంచి ప్రామాణికమైంది.

ఈ చరిత్రలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. నిలకడ నిలకడగా ఉన్నంతసేపు కొలతకు అందదు. కోయాలి, లేదా చల్లబరచాలి, లేదా తలను ఒక్కసారిగా పక్కకు తిప్పాలి. గుండె చప్పుడు వినడానికి గుండెను ఆపనక్కరలేదు. సమతుల్యతను వినడానికి మాత్రం దాన్ని కొంచెం తడబడేట్టు చేయక తప్పదు.

కండరాల విషయంలోనూ ఇలాంటిదే ఉంది. కండరపు పోగులు ఏ కోణంలో అమరి ఉన్నాయి, ఎంత మందం ఉన్నాయి అన్నది ధ్వనితరంగాల చిత్రంతో నొప్పి లేకుండా తెలుసుకోవచ్చు. పోగుల లోపలి నిర్మాణం తెలియాలంటే తొడ కండరంలోకి సూది దించి చిన్న ముక్కను బయటికి తీయాలి. కండరం ఎలా కరిగిపోతుందో తెలియాలంటే ఆరోగ్యవంతుణ్ణి మంచాన పడుకోబెట్టాలి. 2019లో జర్మనీలోని కొలోన్ నగరంలో జర్మన్ అంతరిక్ష సంస్థ నిర్వహించిన అధ్యయనం ఇందుకు ఉదాహరణ. వ్యోమగాముల శరీరాల్లో వచ్చే మార్పులను నేల మీదే అర్థం చేసుకోవడానికి, ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తులను తలవైపు ఆరు డిగ్రీలు కిందికి వాలిన మంచాల మీద 60 రోజులు పడుకోబెట్టారు. ముందూ వెనుకా పరీక్షలతో కలిపి మొత్తం 89 రోజులు. అందుకు 16,500 యూరోలు చెల్లిస్తామని ప్రకటించారు. తినడం, స్నానం, కాలకృత్యాలు అన్నీ పడుకునే. రెండు నెలల తరవాత లేచి నిలబడటం అక్కడ ఒక పరీక్షాంశం.

మాటలో ఉన్న జ్ఞానం

‘కళ్ళు తిరగడం’ అన్న తెలుగు మాటను నేను మొదట కేవలం నుడికారంగా చూశాను. బారానీ పరీక్ష గురించి చదివాక అందులో పరిశీలన కూడా ఉందని అర్థమైంది. చెవిలో చల్లని నీళ్ళు పడినప్పుడు కళ్ళు నిజంగానే ఒకవైపు నెమ్మదిగా జరిగి, చటుక్కున వెనక్కి వస్తాయి. మళ్ళీ జరుగుతాయి, మళ్ళీ వస్తాయి. మనిషికి లోకం తిరుగుతున్నట్టు తోస్తుంది. ఎదుటివాడికి కళ్ళు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. తెలుగు ఈ రెంటిలో రెండోదాన్ని తీసుకొని మొదటిదానికి పేరు పెట్టింది.

సంస్కృతంలో మరో దారి ఉంది. ఆయుర్వేద గ్రంథాలు ఈ స్థితిని ‘భ్రమ’ అంటాయి. తిరుగు అన్న అర్థం గల ధాతువు నుంచి వచ్చిన ఆ మాట తెలుగులో లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడం అన్న అర్థంలో స్థిరపడింది. భ్రమణం, భ్రమ ఒకే ఇంటి మాటలు. లోపలి చెవి జబ్బు అక్షరాలా భ్రమణపు భ్రమే. తెలంగాణ వాడుకలో ‘చక్కరొచ్చింది’ అన్నా తిరుగుడే.

ఇక్కడే అనువాదపు చిక్కు ఉంది. ‘కళ్ళు తిరిగి పడిపోయింది’ అంటే తెలుగులో స్పృహ తప్పిందని కూడా అర్థం. రక్తపోటు పడిపోయి ‘కళ్ళు బైర్లు కమ్మడం’, అడుగు తడబడి ‘తూలడం’, లోకం గిర్రున తిరిగినట్టు అనిపించడం వైద్యుడికి మూడు వేరు వేరు సంగతులు. వ్యవహారంలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ‘కళ్ళు తిరగవచ్చు’ అని నేను రాసిన వాక్యాన్ని పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన ఒక ముసలమ్మ చదివితే, లేదా ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే, ఆమె ఏమని ఊహిస్తుంది? ఆకలికి కళ్ళు తిరగడం ఆమెకు తెలుసు. కదలకుండా పడుకున్నప్పుడు గది మొత్తం తిరగడం బహుశా తెలియదు. తెలిసిన మాటతో తెలియని అనుభవానికి సమ్మతి తీసుకున్నాను. పత్రంలో తప్పు లేదు. అవగాహన కలిగిందా అన్నది వేరే ప్రశ్న.

బారానీ కథలో ఈ సందర్భానికి పనికివచ్చే ఒక ఘట్టం ఉంది. చెవి కడుగుతున్నప్పుడు నీళ్ళు తగినంత వెచ్చగా లేకపోతేనే తనకు కళ్ళు తిరుగుతాయని ఒక రోగి ఆయనతో అన్నాడు. బారానీ మరింత వెచ్చని నీళ్ళు వాడి చూశాడు. కళ్ళు మళ్ళీ కదిలాయి, కాని వ్యతిరేక దిశలో. వేడి, చలువ అన్న తేడాలోనే కీలకం ఉందని అప్పుడు ఆయనకు స్ఫురించింది. ఒక శతాబ్దానికి పైగా నిలిచిన పరీక్షకు మూలం ఒక రోగి తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పడం, వైద్యుడు ఆ మాటను ఫిర్యాదుగా కొట్టివేయకుండా సాక్ష్యంగా తీసుకోవడం. రోగి చెప్పిన మాట అక్కడ జ్ఞానంలో భాగమైంది. బహుమతి చరిత్రలో ఆ రోగి పేరు లేదు.

‘నేను’ ఒప్పుకున్నాను, ‘నాకు’ తిరిగాయి

సమ్మతి పత్రం చివర ఉండే వాక్యం ‘నేను నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను’ అని ఉంటుంది. పరీక్షలో జరిగేదాన్ని అదే మనిషి తరవాత చెప్పేటప్పుడు ‘నాకు కళ్ళు తిరిగాయి’ అంటుంది. మొదటి వాక్యంలో మనిషి కర్త. రెండో వాక్యంలో క్రియకు కర్త కళ్ళు. మనిషి ‘కు’ ప్రత్యయం వెనక నిలబడి ఉంది. సంప్రదాయ వ్యాకరణం ‘కి, కు’లను షష్ఠీ విభక్తిలో చేర్చింది. ఆధునిక భాషాశాస్త్రం ఇటువంటి వాక్యాల్లోని మనిషిని అనుభోక్తగా గుర్తిస్తుంది. నాకు ఆకలి వేసింది, నాకు కోపం వచ్చింది, నాకు నొప్పి పుట్టింది. ఈ వాక్యాల్లో మనిషి చేయడు. మనిషికి జరుగుతుంది.

వ్యాకరణం నుంచి నీతిని నేరుగా రాబట్టలేం. ఒక భాషలో అనుభోక్తకు వేరే రూపం ఉన్నంత మాత్రాన ఆ భాష మాట్లాడేవారికి బాధ మరింత అర్థమవుతుందని చెప్పడం అమాయకత్వం. ఈ తేడా ఒక వాస్తవాన్ని గుర్తు చేస్తుందని మాత్రమే నా వాదం. సమ్మతి ఇచ్చేది ‘నేను’. దాని ఫలితాన్ని భరించేది ‘నాకు’. ఇప్పుడు వద్దనగలిగే మనిషి, వద్దనగలిగే స్థితి కొంతసేపు పోవడానికి ఒప్పుకుంటోంది. చల్లని నీళ్ళు చెవిలో పడ్డాక ‘నా కళ్ళు తిరగకుండా చేయండి’ అనడానికి వీలు లేదు. పరీక్ష ఆపమనవచ్చు. తిరుగుడు మాత్రం తన సమయానికే ఆగుతుంది.

1947లో నూరెంబర్గ్ తీర్పుతో వెలువడిన నియమావళి స్వచ్ఛంద సమ్మతిని మొట్టమొదటి సూత్రంగా నిలిపింది. నాజీ శిబిరాల్లో వైద్యులే జరిపిన ప్రయోగాల తరవాత అంతకంటే అవసరమైన సూత్రం మరొకటి లేదు. 1964 నాటి హెల్సింకీ ప్రకటన దాన్ని వైద్యుల ప్రతిజ్ఞగా విస్తరించింది. మన దగ్గరికి వస్తే, సమ్మతి ఎంత తేలికగా సంతకంగా కుదించుకుపోగలదో ఖమ్మం జిల్లా చూపింది. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను బాలికలకు ఇచ్చిన అధ్యయనంలో అనేక పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ ‘నేను’ అన్న మాటే లేకుండా పోయింది. ‘ఆమెకు’ మాత్రం మిగిలింది.

కాబట్టి సమ్మతి చాలదనడం సమ్మతి అక్కరలేదనడం కాదు. సమ్మతి లేనిచోట అన్యాయం స్పష్టం. సమ్మతి ఉన్నచోట కూడా మిగిలే బాధ్యత ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒప్పుకోవడం, ఒప్పజెప్పడం

‘ఒప్పు’ అంటే సరైనది, తగినది. ‘ఒప్పుకొను’ అంటే ఒకదాన్ని తగినదిగా తనకు తాను తీసుకోవడం. అదే ‘ఒప్పు’ నుంచి ‘ఒప్పజెప్పు’ అన్న మాట కూడా వచ్చింది. తనదాన్ని మరొకరి చేతిలో పెట్టడం. పరీక్షాబల్ల మీద పడుకున్న మనిషి ఈ రెండు పనులూ చేస్తుంది. పరీక్షకు ఒప్పుకుంటుంది, తన నిలకడను ఒప్పజెబుతుంది. నీతిశాస్త్ర చర్చ ఎక్కువగా మొదటిదాని చుట్టూ తిరిగింది. రెండోదానికి వేరే ధర్మం ఉంది.

ఒప్పజెప్పినదాన్ని తిరిగి ఒప్పజెప్పాలి. ధర్మశాస్త్రాలు పద్దెనిమిది వ్యవహార పదాల్లో నిక్షేపాన్ని ఒకటిగా లెక్కించాయి. ఆ వ్యవహార సంప్రదాయాన్ని కేతన విజ్ఞానేశ్వరీయంతో తెలుగులోకి తెచ్చాడు. నిక్షేపం విషయంలో ఇచ్చినవాడి ఇష్టం ఒక్కటే వివాదాంశం కాదు. పుచ్చుకున్నవాడు దాన్ని ఎలా కాపాడాడు, ఎలా తిరిగి ఇచ్చాడు అన్నది అసలు వివాదం. ‘మీరే ఇష్టపడి ఇచ్చారు కదా’ అన్న సమాధానం నిక్షేపం పుచ్చుకున్నవాడి నోట చెల్లదు.

ఈ దృష్టితో చూస్తే శరీరాన్ని కొలిచే పరిశోధనలో మూడు రకాల నిక్షేపాలు కనిపిస్తాయి. మొదటిది తనంతట తాను తిరిగి వచ్చేది. చల్లని నీళ్ళ వల్ల కలిగిన తిరుగుడు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇక్కడి బాధ్యత ఆ నిమిషాల్లో పక్కన ఉండటం, తల పట్టుకోవడం, ‘ఇది తగ్గిపోతుంది’ అని చెప్పడం. రెండోది ఎవరో ఒకరు తిరిగి తేవలసినది. రెండు నెలలు పడుకున్నవారి పిక్క కండరం దానంతట అది వెంటనే పూర్వస్థితికి రాదు. నడక, వ్యాయామం, పర్యవేక్షణ కావాలి. కొలోన్ అధ్యయనంలో మంచం దిగాక 14 రోజులు కోలుకోవడానికి కేటాయించారు. అది సౌకర్యం కాదు, రుణం తీర్చడం. మూడోది తిరిగి ఇవ్వలేనిది. సూదితో తీసిన కండరపు ముక్క మళ్ళీ తొడలోకి వెళ్ళదు. తెర మీద గీతగా మారిన కంటి కదలిక మళ్ళీ కంటిలోకి రాదు. అది సమాచారమైంది. దానికి బదులుగా ఏమి ఇవ్వాలన్నది కఠినమైన ప్రశ్న.

కొలతలో మనిషి శ్రమ

మూడో రకానికి బదులు ఏమీ అక్కరలేదని కొందరు అనవచ్చు. ప్రతిచర్య శరీరానిది, మనిషి దాన్ని తయారు చేయలేదు, అందువల్ల అందులో ఆమెకు వాటా ఎలా వస్తుంది అన్నది వారి ప్రశ్న. దీనికి సమాధానం పరీక్ష పనిచేసే తీరులోనే ఉంది.

1992లో కోల్‌బ్యాచ్, హాల్మగీ వర్ణించిన ఒక పరీక్షలో చెవిలో పెద్ద చప్పుడు వినిపిస్తారు. లోపలి చెవిలోని చిన్న సంచి ఒకటి ఆ చప్పుడుకు స్పందించి మెడ కండరానికి సంకేతం పంపుతుంది. సుమారు 13, 23 మిల్లీసెకన్ల దగ్గర ఆ కండరపు విద్యుత్తులో రెండు అలలు కనిపిస్తాయి. ఆ సంకేతం కండరాన్ని బిగించమని చెప్పదు, ఒక్క క్షణం సడలమని చెబుతుంది. కండరం ముందే సడలి ఉంటే సడలింపు ఎలా కనిపిస్తుంది? అందుకని పడుకున్న మనిషి తన తలను దిండు మీంచి పైకెత్తి, లేదా ఒక పక్కకు గట్టిగా తిప్పి, మెడను బిగించి ఉంచాలి. ఆమె బిగింపు లేకపోతే ప్రతిచర్య ఉన్నా కొలత లేదు.

నీళ్ళ పరీక్షలోనూ ఇంతే. మనిషి మగత పడితే కంటి కదలిక తగ్గిపోతుంది. అందుకని ఆమె చేత అంకెలు లెక్కపెట్టిస్తారు, ఊళ్ళ పేర్లు చెప్పిస్తారు. ఒక వస్తువు మీద చూపు నిలిపితే కదలిక అణగిపోతుంది. అందుకని ఆమె చూపు దేనిమీదా నిలవకుండా చేస్తారు. నిర్జీవంగా, యాంత్రికంగా ఉందనుకున్న ప్రతిచర్య కూడా మేలుకుని ఉన్న మనిషి సహకారం మీద ఆధారపడింది. తలెత్తి పట్టుకున్న ఆ కొన్ని నిమిషాల శ్రమ ఏ పట్టికలోనూ కనిపించదు. ‘కొలవబడినది’ అనే వాక్యంలో కొలిచినవాడూ లేడు, కొలతకు మెడ బిగించినామే లేదు. వైజ్ఞానిక తెలుగు ఈ ‘బడు’ ప్రయోగాన్ని నిష్పాక్షికతకు గుర్తుగా తెచ్చుకుంది. నిష్పాక్షికత పేరుతో అది ఒక శ్రమను కూడా చెరిపేస్తోంది.

ఆక్షేపణలు

ఈ వాదం మీద మూడు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, ఇంత చిన్న ఇబ్బందికి ఇంత తర్కం అవసరమా అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో వృద్ధుల సంఖ్యే ఎక్కువ. వయసుతో కండరం తరగడానికి, లోపలి చెవి మందగించడానికి మధ్య సంబంధం తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. ఈ పరిశోధన జరగాలన్న విషయంలో నాకు సందేహం లేదు. ప్రయోజనం పెద్దదైనకొద్దీ దాన్ని సాధ్యం చేసినవారికి చెందవలసినది కూడా పెద్దదవుతుందే తప్ప చిన్నది కాదు. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదన్న కాంట్ సూత్రంలో బరువంతా ‘కేవలం’ అన్న మాటలోనే ఉంది. సాధనంగా ఉపయోగపడటం తప్పు కాదు. అంతకుమించి ఏమీ మిగలకపోవడం తప్పు.

రెండోది, డబ్బు చెల్లిస్తే రుణం తీరిపోతుందన్నది. పోగొట్టుకున్న సమయానికీ దినకూలికీ డబ్బు ఇవ్వడం న్యాయమే. ఇవ్వకపోవడం అన్యాయం. మంచం మీద గడిపిన రోజుకు వెల కట్టవచ్చు. అయితే కూలి ఇచ్చినంత మాత్రాన నిక్షేపం తిరిగి ఇచ్చినట్టు కాదు. పైగా డబ్బు పెద్దదై, అవతలి మనిషి పేదవారైతే, ‘ఒప్పుకున్నాను’లోని ‘ఒప్పు’ బలహీనపడుతుంది. వద్దనే వీలు ఉన్నవారి అవుననడానికే విలువ.

మూడోది అన్నింటికంటే బలమైనది. ప్రతి ఒక్కరికీ వారి కొలతలు చెప్పడం హానికరం కావచ్చు. పరిశోధనలోని కొలత రోగనిర్ధారణ కాదు. వందమంది సగటులో అర్థమున్న అంకెకు ఒక్కరి విషయంలో అర్థం లేకపోవచ్చు. అకారణ భయం, అకారణ ధీమా రెండూ కలగవచ్చు. ఈ ఆక్షేపణను నేను అంగీకరిస్తాను. అయితే దీని నుంచి మౌనం న్యాయమన్న నిర్ణయం రాదు. అంకె చెప్పకూడదనుకుంటే, ఎందుకు చెప్పడం లేదో చెప్పవచ్చు. అధ్యయనం ముగిశాక అందరి కొలతల వల్ల ఏమి తెలిసిందో వారి భాషలో, వారి ఊరికి వెళ్ళి చెప్పవచ్చు. పడిపోయే ప్రమాదం నిజంగా కనిపించినవారిని వైద్యుడి దగ్గరికి పంపవచ్చు. వీటిలో ఏదీ విజ్ఞానశాస్త్రానికి భారం కాదు. పద్దులో ముందుగా ఒక పంక్తి రాసుకోవాలి, అంతే.

ముగింపు: పాలు ఎవరిది?

ఇంగ్లీషులో పరిశోధనకు లోనైన మనిషిని చాలాకాలం ‘సబ్జెక్ట్’ అన్నారు. వ్యాకరణంలో ఆ మాటకు మనం కర్త అంటాం. ప్రయోగశాలలో మాత్రం దాని అర్థం లోబడినవాడు. మన దేశంలో భారతీయ వైద్య పరిశోధన మండలి 2000 నాటి మార్గదర్శకాల శీర్షికలో ఆ మాటే వాడింది. 2006 నుంచి ‘పార్టిసిపెంట్’ అన్న మాటకు మారింది. హెల్సింకీ ప్రకటన అదే మార్పును 2024లో చేసుకుంది. మాట మారడం చిన్న విషయం కాదు. మాట మారినంతనే పని పూర్తయినట్టూ కాదు.

నేను దాన్ని ‘పాల్గొనేవారు’ అని తెలుగు చేశాను. రాసినప్పుడు దాని నిర్మాణం గురించి ఆలోచించలేదు. పాలు, కొను. పాలు అంటే వాటా. పాల్గొను అంటే వాటా తీసుకోవడం. అన్నదమ్ముల పాలు, పాలివాళ్ళు, కౌలుపాలు అనే మాటల్లో ఉన్నదీ ఈ పాలే. పత్రంలో నేను ఆ మనిషికి ఒక వాటా రాసి ఇచ్చాను. ఆ వాటా ఏమిటో ఎక్కడా రాయలేదు.

పరీక్షలు జరిగిన రోజుల్లో ఒకసారి నన్ను అనువాద సహాయానికి పిలిచారు. వరినాట్లలో ముప్ఫై ఏళ్ళు వంగి పనిచేసిన ఒక పెద్దావిడ మెడ బిగించి, తల ఎత్తి, చప్పుళ్ళు వింది. చెవిలో నీళ్ళు పోయించుకుంది. తిరుగుడు తగ్గాక లేచి కూర్చొని, పక్కన నేనే ఉన్నందువల్ల కాబోలు, నన్నే అడిగింది: “బిడ్డా, నాదాంట్ల ఏం తేలింది?” ఫలితాలు వ్యక్తిగతంగా తెలియజేయబడవని పత్రం మూడో పుటలో ఉంది. ఆ వాక్యాన్ని తెలుగు చేసింది నేనే. అందులోనూ ‘బడు’ ఉంది. దాన్ని ఆమెకు మళ్ళీ చదివి వినిపించాను. ఆమె కాసేపు నావైపు చూసి, “సరే తీయ్” అని చెప్పులు వెతుక్కుంది.

ఆ ‘సరే’ కూడా ఒక సమ్మతే. ఈ వ్యాసంలో నేను అడుగుతున్న ప్రశ్న ఆ సమ్మతితో తీరిపోలేదు. ఒప్పుకున్నందుకు కృతజ్ఞత, ఒప్పజెప్పినదానికి కాపుదల, పాల్గొన్నందుకు పాలు. ఈ మూడూ నెరవేరినప్పుడే శరీరాన్ని కొలిచే పని న్యాయమైన పని అవుతుంది. వీటిలో మొదటిదాన్ని పరిశోధన నేర్చుకుంది. రెండోదాన్ని చాలావరకు నేర్చుకుంటోంది. మూడోదాన్ని నేర్పవలసినవారిలో వైద్యులతో పాటు మాటలతో పనిచేసే మనమూ ఉన్నాం. సమ్మతి పత్రాలు తెలుగు చేసే పని మళ్ళీ వస్తే, ‘పాల్గొనేవారు’ అన్న మాటను నేను మార్చను. ఆ మాట కింద ‘మీకు తిరిగి అందేది’ అన్న శీర్షికతో ఒక పేరా ఉండాలని అడుగుతాను. అక్కడ రాయడానికి ఏమీ లేదని పరిశోధకులు అంటే, ఆ ఖాళీని కూడా పత్రంలో అలాగే ఉంచమని కోరతాను. సంతకం పెట్టే మనిషి దాన్ని చూసి నిర్ణయించుకుంటుంది.